హైస్కూలు గ్రేడ్లు తగ్గినా యూసీలో చేరడం: కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తును సిద్ధం చేసుకునే క్రమం

కాలిఫోర్నియాలో అందరూ యూసీ అని పిలిచే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, హైస్కూలు నుంచి నేరుగా వచ్చే విద్యార్థిని ఒక తీరుగా, డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీలో చదివి, ట్రాన్స్‌ఫర్ ద్వారా మూడో సంవత్సరంలో చేరే విద్యార్థిని మరో తీరుగా చూస్తుంది. మొదటివారిని ఎంచుకునేటప్పుడు హైస్కూలు రికార్డే ముఖ్యాధారం. రెండోవారి ఎంపిక కాలేజీలో చదివిన కోర్సుల మీద, వాటిలో వచ్చిన గ్రేడ్ల మీద, ఎంచుకున్న మేజర్‌కు (డిగ్రీలో ప్రధాన విషయానికి) వారు ఎంతవరకు సిద్ధమయ్యారన్న దాని మీద ఆధారపడుతుంది. శాట్, ఏసీటీ అనే ప్రవేశ పరీక్షల స్కోర్లను ప్రవేశ నిర్ణయానికి యూసీ ఎవరి విషయంలోనూ వాడదు. ఈ తేడా తెలియక, పదకొండో తరగతిలో వచ్చిన సీ గ్రేడ్లను ఎలా సమర్థించుకోవాలా అని వ్యాసాల మీద నెలలు వెచ్చించే విద్యార్థులు, వారికంటే ఎక్కువగా మథనపడే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. నిజానికి దరఖాస్తు బలం వ్యాసంలో కంటే కాలేజీ మొదటి టర్మ్‌లో (సెమిస్టర్ లేదా క్వార్టర్‌లో) ఎక్కువగా ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో సింహభాగం దరఖాస్తుకు ఏడాది ముందు చేయవలసిన పనులకే కేటాయించాను.

ఈ దారి ఎవరో దయతలచి వదిలిన సందు కాదు. 1960 నాటి మాస్టర్ ప్లాన్ కాలిఫోర్నియా ప్రభుత్వ ఉన్నత విద్యను యూసీ, కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), కమ్యూనిటీ కాలేజీలు అనే మూడు అంచెలుగా విభజించి, కింది అంచె నుంచి పైకి వెళ్లే మార్గాన్ని అందులో భాగం చేసింది. ఇద్దరు కొత్త విద్యార్థులకు ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున చేర్చుకోవాలన్నది యూసీ పెట్టుకున్న లక్ష్యం. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుల్లో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల విద్యార్థులకే ప్రాధాన్యం ఇస్తుంది కనుక, వేరే రాష్ట్రంలోని నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో చేరి అక్కడి నుంచి యూసీకి మారదామనుకునేవారు వెనక వరుసలో నిలబడతారు.

మొదటి అడుగు: కాలేజీ రికార్డు ఇప్పటికే మొదలైందేమో చూసుకోండి

హైస్కూలు గ్రేడ్లు వెనకే ఉండిపోతాయి గానీ, హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సులు వెంట వస్తాయి. అవి కాలేజీ కోర్సులే. పదో తరగతి వేసవిలో ఎవరో చెప్పారని చేరి, మధ్యలో పట్టించుకోకుండా వదిలేసిన సైకాలజీ కోర్సులో ఎఫ్ వచ్చి ఉంటే, అది ట్రాన్స్‌ఫర్ జీపీఏలోకి (గ్రేడ్ల సగటులోకి) వస్తుంది. ఏ కాలేజీలో ఎప్పుడు చదివినా ఆ వివరం దరఖాస్తులో చూపించి తీరాలి. చిన్న కోర్సే కదా అని దాచడం చేరిన తర్వాత కూడా ప్రవేశాన్ని రద్దు చేయించగల తప్పు.

కనుక ముందుగా, చదివిన ప్రతి కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రం) తెప్పించుకుని చూడండి. డీ గానీ ఎఫ్ గానీ ఉంటే ఆ కోర్సును మళ్లీ తీసుకుని మంచి గ్రేడు తెచ్చుకోవచ్చు. పాత గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తూనే ఉన్నా, జీపీఏ లెక్కలో కొత్తది నిలుస్తుంది. సీ వచ్చిన కోర్సును మాత్రం గ్రేడు పెంచుకోవడానికి తిరిగి తీసుకునే వీలు లేదు. ఈ ఒక్క నిబంధన వల్ల, తొందరపడి తెచ్చుకున్న సీ ఒక్కోసారి డీ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో మూడు, ఆపైన స్కోర్లుంటే వాటికి యూసీ యూనిట్లు (కోర్సుల బరువును కొలిచే క్రెడిట్లు) ఇస్తుంది కనుక, ఆ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు నుంచి ఆ నివేదికను కూడా దగ్గర పెట్టుకోండి.

రెండో అడుగు: కాలేజీలో చేరడం, రెసిడెన్సీ (రాష్ట్ర నివాసి హోదా) తేల్చుకోవడం

హైస్కూలు పూర్తిచేసిన ఎవరినైనా కమ్యూనిటీ కాలేజీ చేర్చుకుంటుంది. క్యూపర్టినోలోని డి ఆంజా, లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్, ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, శాంటా క్లారాలోని మిషన్, ప్లెజెంట్ హిల్‌తో పాటు శాన్ రామన్‌లోనూ తరగతులు నడిపే డయాబ్లో వ్యాలీ, దక్షిణాన ఇర్వైన్ వ్యాలీ, శాంటా మోనికా వంటివి ఈ రాష్ట్రంలోని తెలుగువారికి తెలిసిన పేర్లే. కాలిఫోర్నియా నివాసికి సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు రుసుము. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 యూనిట్లకు అది 2,760 డాలర్లు అవుతుంది. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో (సెమిస్టర్ కంటే చిన్న టర్మ్‌లతో) నడుస్తాయి కనుక అక్కడ యూనిట్‌కు 31 డాలర్లు, మొత్తం 90 యూనిట్లు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. 2017 నాటి ఏబీ 705 చట్టం, తర్వాత 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టం వల్ల, గ్రేడ్లు తక్కువగా ఉన్న విద్యార్థిని రెమీడియల్ గణితం, రెమీడియల్ ఇంగ్లిష్ అంటూ యూనిట్లు లెక్కకు రాని తరగతుల్లో ఏడాది పాటు కూర్చోబెట్టే పాత పద్ధతి పోయింది. ఇప్పుడు దాదాపు అందరూ ట్రాన్స్‌ఫర్‌కు పనికొచ్చే కోర్సుతోనే మొదలుపెట్టగలరు, కావలసినవారికి దానికి తోడుగా సహాయక తరగతి ఉంటుంది. ఈ వెసులుబాటు సమయాన్ని మిగిలుస్తుంది గానీ పునాదిని పూడ్చదు. హైస్కూల్లో ఆల్‌జీబ్రా రెండు అనే గణిత కోర్సులో డీ తెచ్చుకున్న పిల్లవాడు చేరడానికి ముందు వేసవిలో త్రికోణమితి, ఫంక్షన్లు, లాగరిథమ్‌లు తిరిగి చదువుకోకుండా నేరుగా కాలిక్యులస్‌లో కూర్చుంటే ఫలితం పాతదే అవుతుంది.

హెచ్-1బీ తల్లిదండ్రులతో హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు రాష్ట్రంలో నివాస షరతులు నెరవేరితే రెసిడెంట్ రుసుముకు అర్హత పొందగలరు. అయితే హెచ్-4 హోదా 21 ఏళ్లకు ముగుస్తుంది, ట్రాన్స్‌ఫర్ సరిగ్గా ఆ వయసు చుట్టుపక్కలే జరుగుతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారవలసి వస్తే రెసిడెన్సీ వర్గీకరణ కూడా మారే ప్రమాదం ఉంది, యూసీలో నాన్‌రెసిడెంట్‌కు పడే అదనపు ట్యూషన్ ఏటా 30,000 డాలర్లకు పైమాటే. పైగా యూసీ ట్రాన్స్‌ఫర్‌కు కనీస జీపీఏ నివాసులకు 2.4 అయితే ఇతరులకు 2.8. ఈ సంగతిని పిల్లవాడి ఇరవయ్యో పుట్టినరోజు దాటాక తేల్చుకుందామని వాయిదా వేయకుండా, చేరిన మొదటి సంవత్సరంలోనే కాలేజీ రెసిడెన్సీ కార్యాలయంతోనూ, ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితోనూ మాట్లాడి లిఖితపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఇంటర్ తర్వాత నేరుగా ఎఫ్-1 మీద కమ్యూనిటీ కాలేజీకి వచ్చేవారు ప్రతి టర్మ్‌లో కనీసం 12 యూనిట్లు చదవాలి, ఆ లెక్కలోకి పూర్తి ఆన్‌లైన్ తరగతి ఒకటికి మించి రాదు. కింద చెప్పే తక్కువ బరువు పద్ధతిలోనూ వారు 12 యూనిట్లకు తగ్గకూడదు.

మూడో అడుగు: అసిస్ట్ వెబ్‌సైటును చదవడం నేర్చుకోండి

అసిస్ట్ డాట్ ఆర్గ్ అనేది కమ్యూనిటీ కాలేజీల కోర్సులకూ యూసీ, కాల్ స్టేట్ కోర్సులకూ మధ్య ఉన్న అధికారిక ఒప్పందాల పట్టిక. విద్యా సంవత్సరం, మీ కాలేజీ, మీరు వెళ్లదలచిన క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే, ఒకవైపు విశ్వవిద్యాలయం అడిగే కోర్సులూ మరోవైపు వాటికి సమానమైన మీ కాలేజీ కోర్సులూ వస్తాయి. ఏ బంధువు సలహా అయినా, ఏ వాట్సాప్ గ్రూపు జాబితా అయినా ఈ పట్టిక ముందు నిలవదు.

దీన్ని చదవడంలో పొరపాట్లు కొన్నిచోట్లే జరుగుతాయి. మొదటిది, ఒకే పేరున్న మేజర్‌కు ఒక్కో క్యాంపస్ ఒక్కో రకంగా కోర్సులు అడుగుతుంది. కంప్యూటర్ సైన్స్‌నే తీసుకుంటే, కాలిక్యులస్ వరుస, లీనియర్ ఆల్‌జీబ్రా, డేటా స్ట్రక్చర్స్ దాదాపు అంతటా కనిపిస్తాయి. డిస్క్రీట్ గణితం, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్ మాత్రం క్యాంపస్‌ను బట్టి, ఆ మేజర్ ఏ కళాశాల కింద ఉందన్న దాన్ని బట్టి మారతాయి. రెండోది, క్వార్టర్ కాలేజీ నుంచి సెమిస్టర్ పద్ధతిలో నడిచే యూసీ క్యాంపస్‌లైన బర్క్‌లీకో మెర్సెడ్‌కో వెళ్లేటప్పుడు మీ రెండు మూడు కోర్సులు కలిపితేనే వారి ఒకటి రెండు కోర్సులకు సమానం కావచ్చు. ఆ వరుసను సగం ఒక కాలేజీలో, సగం మరో కాలేజీలో చదివితే ఒప్పందం చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మూడోది, మీ కాలేజీలో సమానమైన కోర్సు లేదని పట్టిక చెబితే దాన్ని ఖాళీగా వదిలేయకుండా పక్క కాలేజీలో ఉందేమో వెతకాలి. అవకాశం ఉండి కూడా తీసుకోని కోర్సు పోటీలో లోటే అవుతుంది.

నాలుగైదు క్యాంపస్‌ల పట్టికలను పక్కపక్కన పెట్టి, అన్నిటిలో ఉన్న కోర్సులను ముందు వరుసలో, ఒకటి రెండింటిలోనే ఉన్నవాటిని వెనక వరుసలో రాసుకోండి. ఆ కాగితాన్ని తీసుకుని ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ను కలిసి విద్యా ప్రణాళిక రాయించుకోండి. ఏమీ తెలియకుండా వెళ్లి ఏం చదవమంటారని అడిగితే పొడిపొడి జవాబే వస్తుంది; కాగితంతో వెళ్లినవారికి ఆ అరగంటలో దొరికేది వేరు. ప్రణాళిక దాఖలైతే రిజిస్ట్రేషన్‌లో ముందు వరుస కూడా దక్కుతుంది.

మేజర్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఏదో ఒక మేజర్‌లో చేరిపోయి లోపలికి వెళ్లాక కంప్యూటర్ సైన్స్‌కు మారవచ్చు అనే ఆలోచన మన ఇళ్లలో బాగా చలామణిలో ఉంది. బర్క్‌లీ, శాన్ డియెగో వంటి చోట్ల ఆ మార్పును చాలా కఠినంగా పరిమితం చేశారు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి మిగిలేది రెండేళ్లే కనుక ఆ జూదం మరింత ప్రమాదకరం. గణితంలో నిజంగా ఆసక్తి ఉన్నవారు స్టాటిస్టిక్స్, అప్లైడ్ మ్యాథ్, కాగ్నిటివ్ సైన్స్ వంటి మేజర్ల పట్టికలను కూడా చూడాలి, అయితే అక్కడే డిగ్రీ పూర్తిచేయడానికి సిద్ధపడి మాత్రమే.

నాలుగో అడుగు: మొదటి టర్మ్‌ను తేలికగా, మొదటి సంవత్సరాన్ని గట్టిగా కట్టుకోండి

క్యాలెండరును ఒకసారి లెక్క వేసి చూడండి. 2026 ఫాల్‌లో (వేసవి తర్వాత మొదలయ్యే టర్మ్‌లో) చేరిన విద్యార్థి 2028 ఫాల్‌లో యూసీకి వెళ్లాలంటే 2027 నవంబరులో దరఖాస్తు పంపాలి. ఆ రోజు అతని చేతిలో పూర్తయిన గ్రేడ్లు మొదటి సంవత్సరానివీ ఆ వేసవివీ మాత్రమే. 2027 ఫాల్ గ్రేడ్లు జనవరిలో చేరతాయి. 2028 స్ప్రింగ్ (జనవరి తర్వాతి టర్మ్) కోర్సులు పేర్లుగానే కనిపిస్తాయి. అంటే రెండేళ్ల చదువు అని మనం అనుకునేది ఎంపిక చేసేవారి కంటికి ఏడాదిన్నర మాత్రమే, అందులో మొదటి టర్మ్ మూడో వంతు. చదవడం మళ్లీ నేర్చుకుంటూ మెల్లగా గాడిలో పడతాను అనుకోవడానికి ఈ లెక్కలో చోటు లేదు.

హైస్కూల్లో వెనకబడిన విద్యార్థి చేసే సహజమైన తప్పు, పోయిన కాలాన్ని ఒక్కసారిగా పూడ్చాలని మొదటి టర్మ్‌లోనే కాలిక్యులస్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్ కలిపి పద్ధెనిమిది యూనిట్లు వేసుకోవడం. ఇంట్లోవాళ్లు కూడా దాన్ని ప్రోత్సహిస్తారు, ఎందుకంటే అది కష్టపడుతున్నట్టు కనిపిస్తుంది. నా సలహా దీనికి పూర్తిగా భిన్నం. మొదటి టర్మ్‌లో మేజర్‌కు సంబంధించిన కఠినమైన కోర్సు ఒక్కటే ఉండాలి. దానికి తోడు తప్పనిసరి అయిన ఇంగ్లిష్ కోర్సు, నిజంగా ఆసక్తి ఉన్న జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చదివే విభాగాల) కోర్సు ఒకటి, కాలేజీ అలవాట్లు నేర్పే ఒకటి రెండు యూనిట్ల కౌన్సెలింగ్ తరగతి ఉంటే 12 యూనిట్లు దాటతాయి, పూర్తికాల విద్యార్థి హోదా నిలుస్తుంది. గణితం బలహీనంగా ఉన్నవారు ఆ ఒక్క కఠిన కోర్సును గణితమే చేసుకోవాలి. ఆ టర్మ్‌లో ‘ఏ’ గ్రేడ్లు వస్తే రెండో టర్మ్‌లో కఠిన కోర్సులు రెండు చేయవచ్చు. రెండో సంవత్సరం ఫాల్ నాటికి రెండు, మూడు కఠిన కోర్సులు కలిపి మోయగలనని రికార్డులో చూపించగలగాలి, ఎందుకంటే దరఖాస్తు చదివేవారు గ్రేడ్లతో పాటు వాటి బరువునూ, అవి ఎటు పోతున్నాయన్నదాన్నీ గమనిస్తారు.

దీనివల్ల మూడేళ్లు పడితే ఏమవుతుంది? ఇంజనీరింగ్, ఫిజిక్స్, కెమిస్ట్రీ వంటి మేజర్లకు ముందస్తు కోర్సులే పొడవైన గొలుసు కనుక మూడేళ్లు తీసుకోవడం అసాధారణమేమీ కాదు. కమ్యూనిటీ కాలేజీ యూనిట్లలో యూసీ 70 సెమిస్టర్ యూనిట్ల వరకే లెక్కలోకి తీసుకుంటుంది. అంతకు మించి చదివినా కోర్సుల అర్హత నిలుస్తుంది, కమ్యూనిటీ కాలేజీల్లో మాత్రమే చదివినవారు యూనిట్లు ఎక్కువైనందువల్ల అనర్హులు కారు. మధ్యలో నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో కూడా చదివినవారు మాత్రం ఈ పరిమితిని జాగ్రత్తగా చూసుకోవాలి. మన పెద్దలకు ఏడాది వృథా అయిందనే మాట చాలా బరువైనది, కానీ తొందరపడి తెచ్చుకున్న 2.9 జీపీఏతో పోలిస్తే మరో ఏడాదిలో తెచ్చుకున్న 3.7 ఎక్కువ తలుపులు తెరుస్తుంది.

ఒక కోర్సు చేజారుతోందని తెలిస్తే రెండు గడువులు గుర్తుంచుకోవాలి. మొదటి రెండు వారాల్లో వచ్చే డ్రాప్ గడువులోపు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏమీ మిగలదు. ఆ తర్వాత, టర్మ్ చివరి భాగంలో వచ్చే విత్‌డ్రా గడువులోపు వదిలేస్తే గ్రేడుకు బదులు డబ్ల్యూ అనే గుర్తు పడుతుంది, అది జీపీఏను తాకదు. ఒకటి రెండు డబ్ల్యూలతో కొంప మునగదు. టర్మ్ టర్మ్‌కూ ఒకటి ఉంటే అనుమానం వస్తుంది. టర్మ్ మొదలయ్యే ముందే రెండు గడువుల తేదీలనూ ఫోను క్యాలెండరులో వేసుకుని, విత్‌డ్రా తేదీకి వారం ముందు ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులను విడిగా కలిసే సమయానికి) వెళ్లి, ఇప్పటి మార్కులతో ఏ గ్రేడు సాధ్యమో అడిగి తెలుసుకోండి. మేజర్ కోర్సులను పాస్, నో పాస్ పద్ధతిలో తీసుకోవద్దు.

హైస్కూల్లో గ్రేడ్లు ఎందుకు పడిపోయాయన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకవలసింది కూడా ఈ టర్మ్‌లోనే. నిద్ర, ఆటలు, ఫోను అయితే అలవాట్ల పని. ఏకాగ్రత లోపం, ఆందోళన, డిస్లెక్సియా వంటివైతే కాలేజీలోని వైకల్య సహాయ కార్యాలయం పరీక్షకు అదనపు సమయం వంటి సదుపాయాలు కల్పిస్తుంది, వాటి ప్రస్తావన ట్రాన్‌స్క్రిప్ట్‌లో రాదు. ఈ కార్యాలయం పేరు చెబితేనే మొహం చిట్లించే తల్లిదండ్రులున్నారు. ఆ చిట్లింపు ఖరీదు పిల్లల గ్రేడ్లలో కనిపిస్తుంది.

ఐదో అడుగు: జనరల్ ఎడ్యుకేషన్

యూసీకి కనీసంగా కావలసినవి ఏడు కోర్సులు: ఇంగ్లిష్ రచన రెండు, గణితం ఒకటి, మిగిలిన నాలుగు కళలు-మానవీయ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, ప్రకృతి శాస్త్రాల్లో కనీసం రెండు విభాగాల నుంచి. అన్నిటిలోనూ సీ లేదా అంతకంటే మంచి గ్రేడు ఉండాలి. ఇంగ్లిష్, గణితాలను ఆఖరి స్ప్రింగ్‌కు వదలకుండా ముందే ముగించండి. 2025 ఫాల్ నుంచి చేరినవారికి ఐజీఈటీసీ అనే పాత జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల పట్టిక స్థానంలో కాల్-జీఈటీసీ వచ్చింది, ఇది యూసీకీ కాల్ స్టేట్‌కూ కలిపి ఒకే పట్టిక. మానవీయ, సామాజిక శాస్త్రాలవారు దీన్ని పూర్తిచేయడం మేలు. ఇంజనీరింగ్‌వారు మాత్రం మేజర్ కోర్సులనే ముందు పెట్టుకోవాలి. జనరల్ ఎడ్యుకేషన్ అంతా ముగించి ఫిజిక్స్ వరుస సగంలో వదిలినవారికి అవకాశాలు తగ్గుతాయి.

ఆరో అడుగు: సెప్టెంబరులో ట్యాగ్

ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, వాడుకలో ట్యాగ్, డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లు ఇచ్చే హామీ. నిర్ణీత జీపీఏ, కోర్సుల షరతులు నెరవేర్చిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి అక్కడ సీటు ఖాయం. బర్క్‌లీ, లాస్ ఏంజెలస్, శాన్ డియెగో ఇందులో లేవు. ఒక్క క్యాంపస్‌కే ట్యాగ్ పెట్టవచ్చు, అదీ సెప్టెంబరు 1 నుంచి 30 లోపు. దాని తర్వాత మామూలు యూసీ దరఖాస్తు కూడా పంపాలి, లేకపోతే హామీ రద్దవుతుంది. శాంటా బార్బరా ఇంజనీరింగ్ కళాశాల వంటివి ట్యాగ్ పరిధిలోకి రావు, చాలాచోట్ల కంప్యూటర్ సైన్స్ కూడా అంతే. షరతులు ఏటా మారతాయి కనుక ఆ సంవత్సరం పట్టికే చూడాలి. హైస్కూలు రికార్డు గురించి కుంగిపోయిన విద్యార్థికి ట్యాగ్ ఇచ్చే ధీమా చిన్నది కాదు. అర్హత ఉండి కూడా బర్క్‌లీకే వెళ్తానని ట్యాగ్ పెట్టకపోవడంలో తర్కం లేదు, ఎందుకంటే ట్యాగ్ పెట్టినంత మాత్రాన మిగతా క్యాంపస్‌లకు దరఖాస్తు చేయకూడదని ఎవరూ అనరు. ట్యాగ్ లేని లాస్ ఏంజెలస్ క్యాంపస్ (యూసీఎల్‌ఏ) కోసం, మీ కాలేజీ ఆనర్స్ కార్యక్రమానికి యూసీఎల్‌ఏతో ట్రాన్స్‌ఫర్ అలయన్స్ ఒప్పందం ఉందేమో మొదటి సంవత్సరంలోనే కనుక్కోండి. దాన్ని పూర్తిచేసినవారిని అక్కడి లెటర్స్ అండ్ సైన్స్ కళాశాల ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

ఏడో అడుగు: దరఖాస్తు, నాలుగు జవాబులు

యూసీ దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది, పంపడానికి అక్టోబరు 1 నుంచి నవంబరు చివరి వరకు గడువు. కోర్సుల పేర్లు, యూనిట్లు, గ్రేడ్లు అన్నీ ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని మీరే నింపాలి. జ్ఞాపకం మీద నింపిన ఒక్క తప్పుడు గ్రేడు కూడా తర్వాత అసలు ట్రాన్‌స్క్రిప్ట్‌తో పోల్చినప్పుడు చిక్కు తెస్తుంది.

వ్యాసాల స్థానంలో యూసీ నాలుగు చిన్న జవాబులు అడుగుతుంది, ఒక్కొక్కటి 350 పదాలకు మించకూడదు. అందులో ఒకటి ట్రాన్స్‌ఫర్ విద్యార్థులందరికీ తప్పనిసరి: ఎంచుకున్న మేజర్‌కు మీరెలా సిద్ధమయ్యారు అన్నది. మిగిలిన ఏడు ప్రశ్నల్లో మూడు ఎంచుకోవాలి. తప్పనిసరి ప్రశ్నకు జవాబుగా చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టం అని మొదలుపెట్టేవారు పదాలను వృథా చేసుకుంటారు. ఏ కోర్సులో ఏ ప్రాజెక్టు చేశారు, అందులో ఏది విరిగిపోయింది, దాన్ని ఎలా బాగుచేశారు, ఆ అనుభవం వల్ల తర్వాత ఏ కోర్సు తీసుకున్నారు అన్న వరుస ఉంటే చాలు. ట్యూటరింగ్ కేంద్రంలో ఇతరులకు గణితం చెప్పడం, గుడిలోనో తెలుగు సంఘంలోనో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పడం, వారానికి ఇరవై గంటలు కిరాణా దుకాణంలో పనిచేయడం, ఇంట్లో అమ్మమ్మను చూసుకోవడం, ఇవన్నీ రాయదగినవే. కుటుంబం కోసం చేసే పని చెప్పుకునేది కాదని మన పిల్లలు వదిలేస్తుంటారు, నిజానికి దరఖాస్తులో దానికి చోటుంది.

హైస్కూలు గ్రేడ్ల ప్రస్తావన అసలు తేవాలా? మూడు సందర్భాల్లో తేవచ్చు: జబ్బు, కుటుంబ విపత్తు, దేశం మారడం వంటి స్పష్టమైన కారణం ఉన్నప్పుడు, ఆ అనుభవం మేజర్ ఎంపికకు నేరుగా దారితీసినప్పుడు, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ గ్రేడు కాలేజీ రికార్డులో మచ్చగా కనిపిస్తున్నప్పుడు. అప్పుడు కూడా కారణానికి రెండు వాక్యాలు, చేసిన మార్పుకు నాలుగు వాక్యాలు చాలు, అదీ అదనపు వ్యాఖ్యల పెట్టెలో. టీచర్లనూ తల్లిదండ్రులనూ నిందించే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. కారణమేమీ లేక కేవలం చదవకపోవడమే అయితే, యూసీ దరఖాస్తులో ఆ ఊసు ఎత్తకుండా కాలేజీ రికార్డును మాట్లాడనివ్వండి.

జవాబులను విద్యార్థే రాయాలి. యూసీ వాటిని ఇతరుల రచనలతో పోల్చి నకళ్లను పట్టుకుంటుంది, కార్యకలాపాల రుజువులను యాదృచ్ఛికంగా కొందరిని అడుగుతుంది. సిఫారసు లేఖలు యూసీ సాధారణంగా తీసుకోదు.

ఇతర దారులు, ఇతర రాష్ట్రాలు

కాల్ స్టేట్‌కు అక్టోబరు 1 నుంచి విడిగా దరఖాస్తు చేయాలి. 2010 నాటి చట్టం తెచ్చిన అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ పూర్తిచేస్తే కాల్ స్టేట్ వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు హామీ ఉంటుంది, కోరుకున్న క్యాంపసే దక్కుతుందన్న హామీ ఉండదు. శాన్ హోసే స్టేట్ వంటి చోట్ల ఇంటి నుంచే చదువుకోగలిగితే ఖర్చు బాగా కలిసొస్తుంది.

కామన్ యాప్ (అనేక విశ్వవిద్యాలయాలకు పనికొచ్చే ఉమ్మడి దరఖాస్తు) ద్వారా వెళ్లే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలావరకు హైస్కూలు ట్రాన్‌స్క్రిప్ట్ కూడా అడుగుతాయి, ప్రొఫెసర్ల లేఖలు కోరతాయి. అక్కడ పాత గ్రేడ్లను గురించి సూటిగా చెప్పవలసి రావచ్చు, ఆఫీస్ అవర్స్‌కు వెళ్లే అలవాటు అక్కడ లేఖ రూపంలో అక్కరకొస్తుంది. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతంవారికి కాలిన్ కాలేజీ, డాలస్ కాలేజీ ఉన్నాయి. 42 క్రెడిట్ గంటల కోర్ కరికులమ్‌ను (ఉమ్మడి తప్పనిసరి కోర్సులను) అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నీ అంగీకరిస్తాయి. వర్జీనియాలో నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీకి జార్జ్ మేసన్‌తో అడ్వాన్స్ అనే ఉమ్మడి కార్యక్రమం ఉంది. న్యూజెర్సీలో ఎడిసన్‌లోని మిడిల్‌సెక్స్ కాలేజీ నుంచి రట్గర్స్‌కు వెళ్లేవారికి రాష్ట్రవ్యాప్త ట్రాన్స్‌ఫర్ ఒప్పందం వర్తిస్తుంది. రాష్ట్రం ఏదైనా ముందు వెతకవలసింది కోర్సుల ఒప్పందాల పట్టికనే.

ఎనిమిదో అడుగు: పంపిన తర్వాత

జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అనే పత్రం తెరుచుకుంటుంది, 31 లోపు ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులు అందులో నింపాలి. ఇది నింపనివారి దరఖాస్తును క్యాంపస్‌లు పక్కన పెట్టవచ్చు. దరఖాస్తులో చెప్పిన స్ప్రింగ్ కోర్సును మానేసినా, మార్చినా వెంటనే తెలియజేయాలి. ఆర్థిక సహాయానికి ఫాఫ్సా అనే కేంద్ర ప్రభుత్వ దరఖాస్తు గానీ, దానికి అర్హత లేని కొందరి కోసం రాష్ట్రం పెట్టిన కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు గానీ మార్చి 2 లోపు పంపడం అలవాటు చేసుకోండి. హెచ్-4 పిల్లలకు ఫాఫ్సా అర్హత ఉండదు, వారు కాలేజీ సొంత స్కాలర్‌షిప్‌ల మీద దృష్టి పెట్టాలి.

ట్రాన్స్‌ఫర్ ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వస్తాయి, సీటు ఒప్పుకోవడానికి జూన్ 1 గడువు. ప్రవేశ లేఖలోని షరతులను ఆ రోజే చదివి, స్ప్రింగ్‌లో ఏ కోర్సులో ఏ గ్రేడు తప్పనిసరో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే మే నెలలో వచ్చిన ఒక్క డీ వల్ల సీటు పోగొట్టుకునేవారు ఉంటారు. స్ప్రింగ్ గ్రేడ్లు పడగానే చదివిన ప్రతి కాలేజీ నుంచి తుది ట్రాన్‌స్క్రిప్ట్ జూలై 1 లోపు పంపించాలి. కాల్-జీఈటీసీ పూర్తిచేసినవారు దాని సర్టిఫికేషన్‌ను కాలేజీని విడిగా అడగాలి, అది దానంతటది వెళ్లదు.